శకటం ఎలా కట్టాలి, ఎలా నడపాలి: విశాఖ రోడ్లకు పనికొచ్చే పద్ధతి

ఆగస్టు పదిహేను దగ్గర పడినా, విశాఖ ఉత్సవ్ కబురు మొదలైనా, కాలనీ సంఘం ఊరేగింపు పెట్టుకున్నా అడిగేవి మూడే ప్రశ్నలు. ఎంత ఎత్తు కట్టొచ్చు? ఏ బండి మీద కట్టాలి? పిల్లల్ని ఎక్కించొచ్చా? అడిగిన ప్రతివాళ్లకీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను.

ముందే ఒక మాట. దాదాపు అందరూ బొమ్మతో మొదలుపెడతారు. ఆర్టిస్టు చేత అందమైన డ్రాయింగ్ గీయించి, దానికి సరిపోయే బండి వెతికి, ఆఖర్న ఏ దారిలో తీసుకెళ్లాలో ఆలోచిస్తారు. దీన్ని తిరగేయండి. ముందు దారి, తర్వాత బండి, ఆ తర్వాత ఎక్కే మనుషులు, అన్నిటికంటే చివర బొమ్మ. ఈ వరసలో వెళ్తే సగం టెన్షన్ కాగితం మీదే తీరిపోతుంది.

ఢిల్లీ రిపబ్లిక్ డే శకటాలు చూసి కొలతలు పెట్టుకోకండి. 2025లో మన ఏటికొప్పాక బొమ్మలతో వెళ్లిన రాష్ట్ర శకటం లాంటివాటికి 45 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు, 16 అడుగుల ఎత్తు దాకా అనుమతి ఉంటుంది. వాటి కోసం దారంతా ముందే ఖాళీ చేసి పెడతారు. మీరు ఆటోనగర్‌లోనో గాజువాకలోనో షెడ్డులో కట్టి, కేబుల్ తీగలు, స్వాగత తోరణాలు, చెట్ల కొమ్మలు దాటుకుని ఆర్కే బీచ్‌కు చేరాలి. స్కూలు, కాలనీ స్థాయి శకటానికి 18 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, నేల నుంచి 13 అడుగుల ఎత్తు చాలు. చూసేవాళ్లు ఫుట్‌పాత్ మీద, పది పదిహేను అడుగుల దూరంలోనే ఉంటారు.

కావలసినవి

బండి: ప్లాట్‌ఫాం బాడీ ఉన్న ఐషర్ లాంటి మధ్య రకం లారీ అయితే మేలు. మినీ ట్రక్కు, ట్రాక్టర్ ట్రాలీ ఎప్పుడు పనికొస్తాయో కింద చెప్తాను.

ఫ్రేముకు: 40 మిల్లీమీటర్ల స్క్వేర్ పైపు (2 మిల్లీమీటర్ల మందం), అడ్డ పట్టీలకు 25 మిల్లీమీటర్లది, యు బోల్టులు, 12 ఎంఎం బోల్టులు, లాక్ నట్లు, 18 ఎంఎం ప్లైవుడ్, రెడ్ ఆక్సైడ్ (తుప్పు పట్టకుండా వేసే రంగు).

పైకి: వెదురు బద్దలు, గోనె గుడ్డ, కాటన్ గుడ్డ, గ్రీన్ షేడ్ నెట్. ఫ్లెక్సు, థర్మోకోల్ ఎంత తక్కువైతే అంత మంచిది.

భద్రతకు: మంటలార్పే ఏబీసీ పౌడర్ సిలిండర్లు రెండు (4 లేదా 6 కిలోలవి), ఇసుక బకెట్లు రెండు, టైర్ల కింద పెట్టే చెక్క దిమ్మలు నాలుగు, ఫస్ట్ ఎయిడ్ డబ్బా, విజిళ్లు, ఎర్ర జెండాలు, డ్రైవర్ క్యాబిన్‌లో మోగే 12 వోల్టుల బజర్.

మనుషులు: లారీ నడపడం వృత్తిగా ఉన్న డ్రైవర్, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్, వెల్డర్, బండి వెంట నడిచేవాళ్లు కనీసం ఆరుగురు, వీళ్లందరి మీదా చివరి మాట చెల్లే ఒక ఇన్‌చార్జి. ఇన్‌చార్జి వేషం కట్టకూడదు, శకటం ఎక్కకూడదు. ఎక్కితే కింద ఏం జరుగుతోందో కనపడదు.

అనుమతులు: పోలీసు కమిషనరేట్, జీవీఎంసీ (నగర కార్పొరేషన్), ఈపీడీసీఎల్ (కరెంటు సంస్థ). సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించడానికి మామూలుగా చట్టం ఒప్పుకోదు. అందుకే దరఖాస్తులో ఎంతమంది ఎక్కుతారో, ఎక్కడి నుంచి ఎక్కడి దాకానో స్పష్టంగా రాయండి. బండి ఇన్సూరెన్సు ఊరేగింపుకు వర్తిస్తుందో లేదో ఏజెంటు చేత కాగితం మీద రాయించుకోండి.

1. దారి కొలవండి

షెడ్డు నుంచి ఊరేగింపు మొదలయ్యే చోటికి, ముగిసిన చోటి నుంచి వెనక్కి, మొత్తం దారి పగటిపూట బైకు మీద ఒకసారి, నడిచి ఒకసారి చూడండి. ఊరేగింపు దారి ఒక్కటే చూసి వదిలేయడం అందరూ చేసే తప్పు. తీగలు తగిలేది చాలాసార్లు తెచ్చేటప్పుడో, అర్ధరాత్రి అలసిపోయి తిరిగి తీసుకెళ్లేటప్పుడో.

వీధి వెంబడి వెళ్లే మామూలు కరెంటు తీగ నేలకు 5.5 మీటర్ల ఎత్తున, రోడ్డును అడ్డంగా దాటేది 5.8 మీటర్ల ఎత్తున ఉండాలన్నది నిబంధన. అంటే 18, 19 అడుగులు. 11 కేవీ హైటెన్షన్ తీగ రోడ్డు దాటేచోట 6.1 మీటర్లు, అంటే 20 అడుగులు ఉండాలి. కాగితం మీద లెక్క అది. తీగ ఎండకు సాగుతుంది, స్తంభం ఒరుగుతుంది, రోడ్డు మీద రోడ్డు వేసిన ప్రతిసారీ నేల పైకి లేస్తుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక నగరంలో చాలాచోట్ల తీగలు భూమిలోకి వెళ్లాయి. అలాగని మీ వీధి కూడా అలాగే ఉందనుకోకండి.

కొలిచేటప్పుడు ఇనుప టేపు, ఇనుప పైపు, తడి వెదురు వాడకండి. కరెంటు తీగ వైపు ఏ కర్రా ఎత్తకండి. లేజర్ మీటరు అద్దెకు దొరుకుతుంది. లేదంటే ఈపీడీసీఎల్ లైన్‌మెన్‌ను వెంట తీసుకెళ్లండి. కర్రతో కొలవాల్సి వస్తే అది వాళ్ల కర్రతోనే జరగాలి. ప్రతి అడ్డంకికీ నోటుబుక్కులో ఒక గీత: చోటు, ఏమిటది, ఎంత ఎత్తు. ఇంటర్నెట్ తీగలు, కేబుల్ టీవీ తీగలు కరెంటు తీగల కంటే చాలా కిందకి వేలాడతాయి. వాటిని కూడా రాయండి. అవి తెగి కరెంటు తీగ మీద పడ్డా, అప్పటికే ఎక్కడో కరెంటు తీగకు ఆని ఉన్నా, ప్రమాదం ఒకటే.

నేను పాటించే లెక్క: శకటం పై అంచుకూ, దారిలో అన్నిటికంటే కిందున్న కరెంటు తీగకూ మధ్య కనీసం 4 అడుగులు ఉండాలి. 11 కేవీ తీగ అయితే 10 అడుగులు. అంత ఎడం లేకపోతే మూడే దారులు. శకటం ఎత్తు తగ్గించడం, దారి మార్చడం, మీరు దాటే కాసేపు ఈపీడీసీఎల్ వాళ్ల చేత లైన్ ఆపించడం. పైనున్న మనిషి కర్రతో తీగ పైకెత్తి "రానీ, రానీ" అనడం నాలుగో దారి కాదు. తంజావూరు దగ్గర కలిమేడులో 2022 ఏప్రిల్‌లో రథానికి హైటెన్షన్ తీగ తగిలి 11 మంది చనిపోయారు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపులో బండి ఆగిపోతే రథాన్ని చేతులతో లాగుతుండగా కరెంటు పాసై అయిదుగురు పోయారు. బండి ఆగిపోయినప్పుడు ఏం చేయాలో ముందే అనుకోవాలని రెండోది చెప్తోంది. దాని సంగతి పదో అంచెలో ఉంది.

ఎత్తుతో పాటు డౌన్లు కూడా రాసుకోండి. సిరిపురం వైపు నుంచి, పాండురంగాపురం నుంచి బీచ్ రోడ్డుకు దిగే డౌన్ మనకు కారులో అలవాటే. 13 అడుగుల శకటంతో అదే డౌన్ వేరే రోడ్డు. వీలైతే శకటాన్ని రెండు ముక్కలుగా తెచ్చి బీచ్ రోడ్డు మీద చదునుగా ఉన్నచోట బిగించండి.

2. బండి ఎంచుకోండి

ఆర్‌సీలో ఉన్న గ్రాస్ బరువు నుంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మీరు వేయగలిగే బరువు వస్తుంది. ఇప్పుడు కూడిక వేయండి. ఫ్రేము 350 నుంచి 400 కిలోలు, ప్లైవుడ్, బొమ్మ 300, మనిషికి 65 లెక్కన పది మంది 650, జనరేటరు, సౌండ్ బాక్సులు 150. పద్నాలుగు పదిహేను వందల కిలోలు తేలికగా తేలుతుంది. చిన్న మినీ ట్రక్కు మోసేది సుమారు ముప్పావు టన్ను. కాబట్టి బొమ్మ ఒక్కటే ఉండి మనుషులు ఎక్కని శకటానికి తప్ప మినీ ట్రక్కు పనికిరాదు.

ట్రాక్టర్ ట్రాలీ చవక, ఎత్తు కూడా తక్కువ. కానీ చాలా ట్రాలీలకు బ్రేకులుండవు. డౌన్‌లో ట్రాలీ బరువు ట్రాక్టర్‌ను వెనక నుంచి తోస్తుంది, పక్కకి తిప్పేస్తుంది. చదునైన దారి అయితేనే ట్రాలీ. ట్రాలీని ట్రాక్టర్‌కు తగిలించే పిన్ను జారిపోకుండా కాటర్ పిన్ ఉందో లేదో మీ చేత్తో తడిమి చూడండి. వంచిన మేకు, బైండింగ్ వైరు పెట్టి నడిపేస్తుంటారు. అవి చాలవు. పిన్నుతో పాటు విడిగా ఒక ఇనుప గొలుసు కూడా ఉండాలి.

అద్దెకు మాట్లాడేటప్పుడే టైర్లు, హ్యాండ్‌బ్రేకు, రివర్స్ లైటు చూడండి. డౌన్‌లో హ్యాండ్‌బ్రేకు వేసి వదిలితే బండి కదలకుండా నిలబడాలి. నిలబడకపోతే వేరే బండి మాట్లాడుకోండి. "పండగ రోజుకి చేయించేస్తాను సార్" అన్న మాట మీద అడ్వాన్సు ఇవ్వకండి.

3. ఫ్రేము కట్టండి

బండి ఛాసిస్‌కు నేరుగా వెల్డింగ్ చేయించొద్దు. ఆ వేడికి ఛాసిస్ బలం తగ్గుతుంది, బండి ఓనరు కూడా ఒప్పుకోడు. కింద చెక్క దిమ్మ పెట్టి యు బోల్టులతో బిగించండి. ఒక్కో వైపు కనీసం నాలుగు. బండి మీద ఏ వెల్డింగ్ పనైనా చేసేముందు బ్యాటరీ వైరు తీసేయాలి.

నిలువు పైపు, అడ్డ పైపు ఉంటే చతురస్రమే అవుతుంది. చతురస్రం ఊగుతుంది. ప్రతి గడిలో ఏటవాలుగా ఒక పైపు పడాలి, అప్పుడే త్రిభుజాలై గట్టిపడుతుంది. బొమ్మకు అడ్డొస్తోందని ఆర్టిస్టు ఆ ఏటవాలు పైపే కోసేయమంటాడు. కోయనివ్వకండి, బొమ్మను జరపమనండి.

బరువంతా కింద ఉండాలి. బ్యాటరీలు, సౌండ్ బాక్సులు, జనరేటరు ప్లాట్‌ఫాం మీద. చుట్టూ ఇసుక బస్తాలు వేస్తే ఇంకా మంచిది, అయితే రెండో అంచెలో వేసిన బరువు లెక్కలో వాటినీ కలపండి. 8 అడుగుల ఎత్తు పైన గుడ్డ, వెదురు, కాగితపు గుజ్జు లాంటి తేలిక సామాను తప్ప ఏమీ వద్దు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ తలకాయ పైన పెట్టిన శకటం మలుపులో ఎలా ఊగుతుందో చూస్తే మళ్లీ ఆ జోలికి పోరు.

చెక్ చేయడం ఇలా. వెల్డింగ్ అయ్యాక ప్రతి అతుకునూ చిన్న సుత్తితో కొట్టి, పైన పేరుకున్న నల్ల పెచ్చు రాల్చండి. కింద పొలుసుల్లాగా వరసగా, పైపు చుట్టూ తిరిగిన గీత కనపడాలి. రెండు మూలల్లో చుక్క పెట్టి వదిలేసి ఉంటే అది టాక్ మాత్రమే. ఫ్రేము నిలబెట్టుకోవడానికి పెట్టినది, మనుషుల్ని మోయడానికి కాదు. చూసిన అతుకు మీద సుద్దతో టిక్కు పెట్టండి. టిక్కు లేని అతుకు ఉండగా రెడ్ ఆక్సైడ్ వేయనివ్వకండి. రంగు పడితే ఇక దొరకదు.

4. గాలి లెక్క చూసుకోండి

విశాఖ శకటానికి వేరే ఊరి శకటానికి తేడా ఇక్కడే. బీచ్ రోడ్డు తీరం వెంబడి వెళ్తుంది, సముద్రపు గాలి నీళ్ల మీద నుంచి వస్తుంది. అంటే గాలి శకటానికి ఎదురుగా కాదు, అడ్డంగా, పొడవాటి పక్క మీద తగులుతుంది. ఆ పక్కే మనం పెద్ద ఫ్లెక్సు కడతాం. మధ్యాహ్నం మొదలైన గాలి సాయంత్రం దాకా ఉంటుంది, ఊరేగింపులు పెట్టేదీ సాయంత్రమే.

8 అడుగుల ఎత్తు, 12 అడుగుల పొడవున్న బోర్డు మీద గంటకు 36 కిలోమీటర్ల గాలి సుమారు 65 కిలోల బలంతో తోస్తుంది. గాలి 54 కిలోమీటర్లకు పెరిగితే తోపు దాదాపు 150 కిలోలు. గాలి ఒకటిన్నర రెట్లయితే తోపు రెండింతలు దాటుతుంది. "నిన్న కూడా గాలి ఉంది, ఏం కాలేదు కదా" అనే వాళ్లకు ఈ అంకెలు చూపించండి.

ఏం చేయాలంటే, ఒకే పెద్ద బోర్డు బదులు మధ్యలో జానెడు ఖాళీతో మూడు చిన్నవి పెట్టండి. వెనక భాగానికి ఫ్లెక్సు బదులు షేడ్ నెట్ మీద బొమ్మ వేయించండి, దూరానికి తేడా తెలియదు. ఫ్లెక్సుకు అక్కడక్కడ కన్నాలు పెడితే సరిపోతుందన్న నమ్మకం ఒకటుంది. నాలుగు కన్నాలతో తగ్గేది దాదాపు ఏమీ ఉండదు, పైగా ఆ కన్నం దగ్గరే చిరుగుతుంది.

చెక్ చేయడానికి చేపల బజారులో వాడే వేలాడే కాటాలు రెండు తెచ్చుకోండి. బోర్డు మధ్య ఎత్తున ఫ్రేముకు రెండు చోట్ల తాళ్లు కట్టి, కాటాల గుండా పక్కకి మెల్లగా లాగండి. ఒక్కోటి 75 కిలోలు చూపే దాకా. అప్పుడు ఫ్రేము పై అంచు అంగుళం కంటే ఎక్కువ వంగినా, ఏ బోల్టు దగ్గరైనా కిర్రుమన్నా, ఏటవాలు సపోర్టులు తక్కువున్నాయని అర్థం. తాడు తెగితే మీద పడకుండా లాగేవాళ్లు దూరంగా నిలబడాలి, శకటం మీద ఎవరూ ఉండకూడదు.

5. మంటకు దొరకని సామాను వాడండి

థర్మోకోల్ తేలిక, చవక, ఆర్టిస్టులకు ప్రాణం. అంటుకుందంటే మాత్రం నల్లటి పొగతో, కరిగి కారుతూ నిమిషాల్లో అయిపోతుంది. వాడక తప్పకపోతే మనుషులు నిలబడే చోటికి, లైట్లకి, జనరేటరుకి దూరంగా వాడండి. దాన్ని అతికించడానికి ఫెవికాల్ లాంటి తెల్ల జిగురే వాడాలి. చెప్పులకు వాడే రబ్బరు సొల్యూషన్ థర్మోకోల్‌ను తినేస్తుంది, దాని ఆవిరికి నిప్పు కూడా తొందరగా అంటుకుంటుంది.

కాటన్ గుడ్డకు, గోనెకు, కాగితానికి ఒక పాత పద్ధతి ఉంది. 10 లీటర్ల వేడినీళ్లలో 700 గ్రాముల వెలిగారం, 300 గ్రాముల బోరిక్ పౌడర్ కలిపి, గుడ్డను ముంచి, పిండకుండా ఆరబెట్టండి. వెలిగారం పచారీ షాపుల్లో దొరుకుతుంది. ఆరాక రెండు వేళ్ల వెడల్పు పేలిక కత్తిరించి, ఆరుబయట పటకారుతో పట్టుకుని అగ్గిపుల్ల పెట్టండి. పుల్ల తీయగానే రెండు మూడు సెకన్లలో ఆరిపోవాలి. పాకుతూ పోతే మందు సరిగ్గా పట్టలేదు, ఇంకోసారి ముంచండి. వాన పడితే మందు కొట్టుకుపోతుంది, మళ్లీ చేయాల్సిందే. నైలాన్, పాలిస్టర్ గుడ్డలకు ఇది పనిచేయదు.

సైలెన్సరుకు అడుగు దూరంలోపు గుడ్డ ఉండకూడదు. కింద చుట్టూ కట్టే గుడ్డలోపలే పొగ తిరగకుండా సైలెన్సరుకు పైపు అతికి బయటికి తీయించండి. శకటం మీద హారతి, అగరొత్తులు, బాణాసంచా, ఏదీ వద్దు. మెరిసే కాగితం ముక్కలు చిమ్మే గొట్టాలు, మెరుపు రిబ్బన్లు కరెంటు తీగల కింద వాడకండి, ఆ మెరుపు పూత కరెంటును మోస్తుంది. గ్యాస్ బెలూన్లు అసలే వద్దు. బళ్ల మీద నింపేది చాలావరకు హైడ్రోజనే.

6. కరెంటు

రాత్రి ఊరేగింపు కాకపోతే జనరేటరే వద్దు. 12 వోల్టుల ఎల్ఈడీ స్ట్రిప్పులు, ఒక 100 ఏహెచ్ బ్యాటరీ ఉంటే 100 వాట్ల వెలుగు అయిదారు గంటలు నిక్షేపంగా వస్తుంది, షాకు భయం ఉండదు. బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టడం మరవకండి. ఫ్యూజు లేని బ్యాటరీ వైరు షార్టయితే ఎర్రగా కాలి గుడ్డను అంటిస్తుంది.

జనరేటరు తప్పదంటే శకటం వెనక చివర, మూడు వైపులా గాలి ఆడేచోట పెట్టండి. ప్లాట్‌ఫాం కిందో, బొమ్మ పొట్టలోనో దాచకండి. దాని పొగకు వాసన తక్కువైనా మనిషిని పడేస్తుంది. పెట్రోలు ముందే నింపుకోవాలి, నడుస్తుండగా గానీ వేడిగా ఉన్నప్పుడు గానీ పోయకూడదు. లైనులో, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీయాంప్స్ ఆర్‌సీసీబీ ఉండాలి. దాని మీదున్న టెస్ట్ బటన్ నొక్కితే పడిపోయింది కదా అని ధీమా పడొద్దు. చిన్న జనరేటర్లలో న్యూట్రల్‌ను బాడీకి కలపకపోతే బటన్ నొక్కినప్పుడు పడే ఆర్‌సీసీబీ నిజంగా షాకు కొట్టినప్పుడు పడకపోవచ్చు. ఆ కలపడం, శకటం ఫ్రేమును దానికి కలపడం, పరీక్ష చేయడం, మూడూ ఎలక్ట్రీషియన్ పని. మీ పని అతన్ని అడగడం.

వైర్ల అతుకులు టేపు చుట్టి వదిలేస్తే ఉప్పుగాలికి, తేమకు అదే మొదట పోతుంది. కనెక్టరు పెట్టి మూతున్న డబ్బాలో ఉంచండి.

7. ఎక్కే మనుషులు

పిల్లల్ని ఎక్కించొచ్చు. కొన్ని షరతుల మీద. ఎనిమిదేళ్ల లోపు పిల్లలు వద్దు, వాళ్లు గంటసేపు ఒకచోట నిలబడరు. అయిదుగురు పిల్లలకు ఒక పెద్దవాళ్లు. చుట్టూ మూడున్నర అడుగుల ఎత్తు రెయిలింగ్, మధ్యలో ఇంకో పట్టీ. అంచున కాళ్లు వేలాడేసి కూర్చోవడం బొత్తిగా వద్దు.

గంటకు 5 కిలోమీటర్ల వేగంలో కూడా బ్రేకు వేస్తే నిలబడ్డ మనిషి తూలతాడు. అందుకే ప్రతి ఒక్కరికీ పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి. భరతమాత వేషం చేతులు ఖాళీగా ఉండవు కాబట్టి వీపు వెనక నడుం ఎత్తున ఒక పైపు నిలబెట్టి, దానికి బెల్టు తగిలించి చీర కొంగుతో కప్పేయండి. ప్లాట్‌ఫాం కంటే 6 అడుగుల పైన నిలబడే మనిషికి నడుం బెల్టు చాలదు, వొంటికంతా పట్టే సేఫ్టీ హార్నెస్ కావాలి. అది బొమ్మకు కాదు, ఫ్రేముకు కట్టాలి.

కొంగులు, పంచెలు, జడకుచ్చులు రెయిలింగ్ దాటి వేలాడకూడదు. మంచినీళ్లు పైనే పెట్టండి. ఆగస్టు ఉక్కలో మేకప్‌తో, కిరీటంతో నిలబడ్డ పిల్ల కళ్లు తిరిగి పడేది చాలాసార్లు బండి బయల్దేరక ముందే, లైనులో ఎదురుచూస్తున్నప్పుడు. పిల్లల్ని ఆఖరి పది నిమిషాల్లో ఎక్కించండి.

శకటం మీద నుంచి చాక్లెట్లు విసరడం మానేయండి. ఒక చాక్లెట్ టైరు పక్కన పడితే దాని కోసం మూడేళ్ల పిల్లాడు బండి కిందికి పరిగెడతాడు. పంచాలనుకుంటే వెంట నడిచేవాళ్ల చేత ఫుట్‌పాత్ దగ్గర చేతికిప్పించండి.

8. డ్రైవరు, పక్క మనుషులు

డ్రైవరుకు ముందు అద్దం, రెండు పక్క అద్దాలు పూర్తిగా కనపడాలి, క్యాబిన్ తలుపు పూర్తిగా తెరుచుకోవాలి. డెకరేషన్ వాళ్లు అన్నిటికంటే ముందు కప్పేసేది ఈ రెండే. రేడియేటరు ముందు బోర్డు పెడితే నడక వేగంలో ఇంజిన్ ఉడికిపోతుంది. రేడియేటరు జాలీ ముందు ఖాళీగా వదలండి.

కమిటీ మెంబరు తమ్ముడికి లైసెన్సు ఉందని అతని చేతికి ఇవ్వకండి. ఆ బండిని రోజూ నడిపేవాడే నడపాలి. తాగి ఉన్నాడన్న అనుమానం ఏమాత్రం వచ్చినా శకటం కదలకూడదు, ఇందులో మొహమాటం వద్దు.

ఆరుగురిలో ఒకరు ముందు 20 అడుగుల దూరంలో, డ్రైవరుకు కనపడేలా. ఒక్కో పక్క ఇద్దరు, ముందు టైరు దగ్గర ఒకరు, వెనక టైరు దగ్గర ఒకరు, బండికి మూడడుగులు ఎడంగా. ఒకరు వెనక. పక్క మనుషులు చూడాల్సింది శకటాన్ని కాదు, జనాన్ని. చేతిలో ఫోను ఉండకూడదు. ఒక పొడవాటి విజిల్ అంటే ఆగు. ఎవరు ఊదినా డ్రైవరు ఆపాలి, ఎందుకని తర్వాత అడగొచ్చు. పాటల హోరులో విజిల్ వినపడదు, అందుకే బజర్. దాని బటన్ శకటం మీదున్న పెద్దవాళ్ల దగ్గర ఒకటి, వెనక మనిషి చేతికందే ఎత్తున ఒకటి.

చక్రాల పక్కన గుడ్డ ఒక్కటీ సరిపోదు. గుడ్డ కిందికి కాలు పోతుంది. టైరు ముందు, పక్కన నేలకు ఆరంగుళాల ఎత్తు దాకా ప్లైవుడ్ బిగించి, దాని మీద గుడ్డ కట్టండి.

9. ట్రయల్

రెండు రోజుల ముందు పూర్తి బరువుతో, మనుషులకు బదులు ఇసుక బస్తాలతో, ఖాళీ మైదానంలో. ముందు కాటా మీద తూకం వేయించి, రెండో అంచెలో వేసిన లెక్కతో పోల్చండి. అరగంట మొదటి గేరులో నడిపి ఇంజిన్ వేడి, క్లచ్ వాసన చూడండి. రెండు వైపులకూ పూర్తిగా తిప్పండి. బ్రేకు గట్టిగా వేసి చూడండి. తర్వాత ప్రతి బోల్టునూ స్పానరుతో పట్టుకోండి, వదులైనవి కనీసం రెండు మూడు దొరుకుతాయి. బిగించాక నట్టు మీద నుంచి ఫ్రేము మీదికి పెయింటుతో ఒక గీత గీయండి. ఊరేగింపు రోజు పొద్దున్న గీత విడిపోయి ఉంటే నట్టు కదిలినట్టే.

ఆఖరికి అసలు మనుషులతో దిగే ట్రయల్. బండి ఆగి ఉండగా విజిల్ ఊది అందరూ ఎంతసేపట్లో దిగుతారో చూడండి. నిమిషం దాటితే మెట్లు చాలవని అర్థం, రెండో వైపు కూడా నిచ్చెన పెట్టండి.

10. ఆ రోజు

పొద్దున్నే వాతావరణ శాఖ హెచ్చరికలు చూడండి. తుఫాను హెచ్చరికల కేంద్రం మన ఊళ్లోనే ఉంది. గాలి గంటకు 40 కిలోమీటర్లు దాటితే పెద్ద బోర్డులు దించేయండి, దించలేకపోతే శకటం బయటికి తీయొద్దు. మీ ఇన్‌చార్జికి ఈ అధికారం ఉందని కమిటీ ముందే ఒప్పుకుని ఉండాలి. అతిథులు వచ్చి కూర్చున్నాక ఎవరూ ఒప్పుకోరు.

వేగం మనిషి నడక. ముందున్న శకటానికి 50 అడుగుల ఎడం, డౌన్‌లో 100. డౌన్ వస్తే మనుషుల్ని దించి, బండిని మొదటి గేరులోనే దింపండి, న్యూట్రల్ చేయకూడదు. ఆగిన ప్రతిసారీ టైర్ల కింద దిమ్మలు. ఎవరూ కదులుతున్న బండి ఎక్కకూడదు, దిగకూడదు, సెల్ఫీకి కూడా.

బండి ఆగిపోతే: హ్యాండ్‌బ్రేకు, దిమ్మలు, మనుషుల్ని దించడం. తర్వాత తల పైకెత్తి తీగలు చూడటం. ఆ తర్వాతే లాగడం గురించి ఆలోచన. చేతులతో తోయించకండి. ఒక ట్రాక్టర్‌ను, ఇనుప లాగుడు రాడ్డును ముందే మాట్లాడి పెట్టుకోండి.

తీగ తగిలితే: పైనున్నవాళ్లు ఉన్నచోటే ఉండాలి, డ్రైవరు కూడా. కిందున్నవాళ్లు ఎవరూ బండిని ముట్టుకోకుండా 30 అడుగులు వెనక్కి వెళ్లాలి. 1912కు, 112కు ఫోను. మంట రేగి దిగక తప్పకపోతే బండినీ నేలనూ ఒకేసారి తాకకుండా, రెండు కాళ్లూ కలిపి దూరంగా దూకి, పాదాలు ఎత్తకుండా చిన్న చిన్నగా జరుగుతూ పోవాలి. ఇది ఎక్కే ప్రతివాళ్లకీ ట్రయల్ రోజునే చెప్పాలి. మంటకు 101, దెబ్బలకు 108.

11. అయిపోయాక

ఫొటోల హడావుడిలో అందరూ వెళ్లిపోయాక డ్రైవరు, ఇద్దరు కుర్రాళ్లు మిగులుతారు. అలా వదలకండి. పక్క మనుషులు ఆరుగురూ షెడ్డు దాకా వెంట ఉండాలి, శకటం మీద ఎవరూ ఎక్కకూడదు. వీలైతే పై భాగం అక్కడే విప్పేసి తీసుకెళ్లండి.

విప్పేటప్పుడు ముందు బ్యాటరీ, జనరేటరు వైర్లు తీసి, తర్వాత పై నుంచి కిందికి రండి. థర్మోకోల్ ముక్కలు ఇసుకలో కలిస్తే ఏరలేరు, కాబట్టి బీచ్ దగ్గర కోయకండి, ముక్కలు చేయకండి. ఫ్రేము బోల్టులతో కట్టారు కనుక విడదీసి దాచుకుంటే వచ్చే ఏడాదికి పనికొస్తుంది. దాచేముందు ఉప్పు పోయేలా మంచినీళ్లతో కడిగి, అతుకుల దగ్గర మళ్లీ రెడ్ ఆక్సైడ్ వేయండి. పని చేసిన చోట మేకులు, మరలు మిగిలిపోతాయి. పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతాన్ని తాడుకు కట్టి రోడ్డంతా ఒకసారి ఈడిస్తే దాదాపు అన్నీ వచ్చేస్తాయి.